ముత్తి ఉప్పు చూసిన నలభై రోజులు

నాకు ఉద్యోగం వచ్చిందన్న వార్త మొదట తెచ్చింది మా ఊరి పాదిరిగారి భార్య రూతమ్మగారు. ముదిగొండ దగ్గర మా ఇంటి వసారాలో కూర్చుని నేను మిషన్ కుట్టుకుంటున్నాను. ఆమె ఖమ్మం నుంచి బస్సు దిగి నేరుగా మా ఇంటికే వచ్చారు. చేతిసంచి కింద పెట్టకుండానే చెప్పారు.

"కరుణా, ఆఫీసు గోడ మీద నీ పేరు చూసొచ్చిన. వార్డెన్ పోస్టు. అడివి పిల్లల హాస్టల్. భద్రాచలం దిక్కు."

"అడివంటే ఎంత అడివి వదినా?" అని మా అమ్మ అడిగింది.

"ఎంత అడివో గోడ మీద రాయలేదమ్మా."

ఆ సాయంత్రం ముగ్గురం మోకాళ్ళూని దేవునికి కృతజ్ఞతలు చెప్పుకున్నాం. రెండు వేల సంవత్సరం దాటిన తొలి రోజులవి. ఆ వర్షాకాలంలోనే ట్రంకుపెట్టె, బైబిలు, కుట్టుమిషను పట్టుకుని బస్సెక్కాను. మిషను ఎందుకమ్మా అని కండక్టరు విసుక్కున్నాడు. ఎనభై మంది ఆడపిల్లల గౌన్లకు గుండీలు ఎవరు కుడతారో అతనికి తెలియదు మరి.

ఎందుకు రాస్తున్నానంటే

ఈ మధ్య వార్డెన్లుగా చేరిన ఇద్దరు ముగ్గురు అమ్మాయిలు ఫోన్ చేసి, "పిల్లలకు ధైర్యం ఎట్లా నేర్పాలి మేడమ్?" అని అడిగారు. శిక్షణలో చెప్పారట, పిల్లల్లో ఆత్మవిశ్వాసం పెంచాలని. ఎలాగో చెప్పలేదట. మాకూ చెప్పలేదు.

బదిలీలు, రిజిస్టర్లు, తనిఖీలు వదిలేస్తున్నాను. అవి మీకు ఎలాగూ వస్తాయి. అసలు ఉద్యోగం తలలో పేలు, కాళ్ళ మీద గజ్జి, ఇంటి మీద బెంగ, మధ్యాహ్నం పప్పు. ఇరవై ఏళ్ళ పైన చేసిన ఈ పనిలో నాకు తెలిసిన కాస్తా ఒక్క పిల్ల దగ్గర, మొదటి సంవత్సరంలోనే నేర్చుకున్నాను. ఎక్కువ భాగం తప్పులు చేసి నేర్చుకున్నాను.

నేను బడికి పోలేదు

ఇది ముందే చెప్పాలి. చిన్నప్పుడు జ్వరం వచ్చి నా కుడికాలు సన్నబడింది. బడి వాగు అవతల ఉండేది. మా అమ్మ పలక తెచ్చి, కట్టెలపొయ్యి పక్కన కూర్చోబెట్టి నాకు చదువు చెప్పింది. పదో తరగతి దాకా ఇంట్లోనే. ఆ పైన కూడా ఇంట్లో ఉండి పరీక్షలు రాశాను. నేను ఒక్క అక్షరం సరిగ్గా రాసినా అమ్మ "నా తల్లే" అని ముద్దు పెట్టుకునేది.

అందుకు దేవునికి ఎన్ని వందనాలు చెప్పినా తీరదు. కానీ అందులోనే ఒక లోటు ఉంది. తోటివాళ్ళ ముందు తప్పు చెప్పి నవ్వులపాలు కావటం అంటే ఏమిటో నాకు తెలియదు. మెచ్చుకుంటే చాలు, ఏ పిల్ల అయినా వికసిస్తుందని గట్టిగా నమ్మి హాస్టల్లో అడుగుపెట్టాను.

"నాకు రాదు"

ముత్తమ్మ కోయ పిల్ల. అందరూ ముత్తి అనేవాళ్ళు. వాళ్ళ గూడెం హాస్టల్ నుంచి రెండు వాగులు దాటి వెళ్ళాలి. పదేళ్ళొచ్చినా రెండో తరగతిలోనే ఉంది. పక్కన కూర్చునే పిల్లలు ఆమె భుజం కిందికి వస్తారు. ఇంట్లో మాట వేరు, బడిలో తెలుగు వేరు. మొదటి ఏడాది ఏదో తప్పు చదివితే తరగతంతా నవ్విందట. ఆ తరువాత నోరు తెరవటం మానేసింది.

నేను మొదటి రోజు "నీ పేరేంటమ్మా?" అని అడిగాను. నేల చూస్తూ "నాకు రాదు" అంది.

అన్నం తిన్నావా అంటే నాకు రాదు. దుప్పటి ఎక్కడ పెట్టావంటే నాకు రాదు. ఏది అడిగినా ముందుగా ఆ మాట అనేస్తే ఇంక ఎవరూ అడగరని కనిపెట్టింది. నిజంగానే ఎవరూ అడిగేవాళ్ళు కాదు.

మా హెడ్‌మాస్టరుగారు ఆమెకు "మొద్దమ్మ" అని పేరు పెట్టారు. ఆయన చెడ్డవారు కారు. వర్షంలో పిల్లకు వాంతులైతే సైకిల్ మీద కూర్చోబెట్టుకుని దవాఖానాకు తీసుకెళ్ళిన మనిషి. సరదాగా పెట్టిన పేరు అది. ఎనభై మంది పిల్లలు దాన్ని పట్టుకున్నారు. నేను ఆయనకు ఒక్కరోజు కూడా "ఆ పేరు వద్దు సార్" అని చెప్పలేదు. కొత్త ఉద్యోగం, భయపడ్డాను. ఆ నేరం నాది.

దసరా సెలవుల తరువాత ముత్తి తండ్రి ఆమెను దింపటానికి వచ్చినప్పుడు హెడ్‌మాస్టరుగారు ఖచ్చితంగా చెప్పేశారు. "ఇంకో పిల్లకు ఈ సీటు ఇయ్యచ్చు. ఏప్రిల్ల పుస్తకం చదివితే మూడో తరగతికి పంపిస్త. చదవకుంటే తోలుకపో."

తండ్రి వాదించలేదు. "మంచిది సారూ. ఇంటికాడ మేకలున్నయి, చిన్నపిల్ల ఉన్నది. చదువు రాని పిల్ల ఈడ కూసొని ఏం చేస్తది" అన్నాడు.

ముత్తి అక్కడే నిలబడి ఉంది. ముఖంలో ఏమీ మారలేదు. అది నన్ను ఎక్కువ భయపెట్టింది.

నా రెండు తప్పులు

మొదటిది పొగడటం. ఒకరోజు ముత్తి వంటశాల ముందు ముగ్గు వేసింది. చక్కగా ఉంది. మరునాడు ప్రార్థనలో ఆమెను ముందుకు పిలిచి, ఎంత బాగా వేసిందో చూడండని అందరిచేత చప్పట్లు కొట్టించాను. పిల్లలు ఒకరినొకరు గిల్లుకుంటూ కొట్టారు. మధ్యాహ్నం చూస్తే ముగ్గు లేదు. ఎవరు చెరిపారని అడిగితే ఓ పిల్ల చెప్పింది. "ముత్తే మేడమ్. కాలితోని రుద్దింది." మళ్ళీ ఆ ఏడాది ఆమె ముగ్గుపిండి ముట్టలేదు.

రెండోది ఇంకా తెలివితక్కువది. అది చెప్పాలంటే ముందు సైదమ్మ గురించి చెప్పాలి. సైదమ్మ మా వంటమనిషి. వైరా దగ్గరి ఊరు ఆమెది. యాభై దాటిన మనిషి. గొంతు మాత్రం గేటు దాకా వినపడేది. దవడలో ఎప్పుడూ జర్దా పాను ఉండాల్సిందే.

మా హాస్టల్లో వడ్డించే ముందు వార్డెన్ రుచి చూడాలని నియమం. ఓరోజు సైదమ్మను కూరగాయలకు పంపి, పప్పులో ఉప్పు నేను వేస్తానన్నాను. కావాలనే వేయలేదు. ముత్తిని పిలిచి, అరచేతిలో కాస్త పప్పు పోసి, "ఉప్పు సరిపోయిందా చూడమ్మా" అన్నాను. లేదు అంటుందని, అనగానే శభాష్ అందామని నా ఆశ.

ముత్తి నాకి, "బాగుంది" అంది.

"సరిగ్గా చూడు."

"బాగుంది మేడమ్."

ఈలోగా అన్నం గంట కొట్టేశారు. ఎనభై పళ్ళాలు వరుసలో నిలబడ్డాయి. ఉప్పు లేని పప్పు వడ్డించేశాం. సైదమ్మ తిరిగొచ్చేసరికి పిల్లలు గోల చేస్తున్నారు.

"ఎవరమ్మా నా పప్పును దవాఖానా పప్పు చేసింది?"

జరిగింది చెప్పాను. ఆమె పాను ఉమ్మేసి వచ్చి మరీ అంది. "ఒక్క పిల్లకు పరీక్ష పెట్టనీకి ఎనభై మంది నోళ్ళు దొరికినయా నీకు?"

నాలుగు రోజుల తరువాత ఆదివారం ముత్తికి జడ వేస్తున్నాను. కొత్తవాళ్ళు ఇది రాసిపెట్టుకోండి. ముఖం చూసి చెప్పలేని మాట పిల్లలు జడ వేయించుకునేటప్పుడు చెబుతారు. పేలదువ్వెన నూనెలో ముంచుతుంటే ముత్తి అటు తిరిగే మెల్లగా అంది.

"మీరు ఉప్పు డబ్బ ముట్టనే లేదు. కిటికీలకెళ్ళి చూసిన."

దువ్వెన పక్కన పెట్టి అడిగాను. "మరి బాగుందని ఎందుకన్నావు?"

"మీకు ఎరికనే గద మేడమ్. ఎరికుండి నన్నెందుకు అడిగిండ్రు?"

తరగతిలో మాస్టరు అడిగేదీ, నేను అడిగిందీ ఆమెకు ఒకటే. జవాబు ముందే తెలిసినవాళ్ళు, ఈ పిల్ల తప్పు చెబుతుందా లేదా అని చూడటానికి అడిగే ప్రశ్న. ఆ రోజు నుంచి నాకు నిజంగా తెలియనిదే పిల్లలను అడగాలని నియమం పెట్టుకున్నాను. అప్పుడు గానీ అర్థం కాలేదు, పిల్లలను మనం అడిగేవాటిలో నిజమైన ప్రశ్నలు ఎంత తక్కువో.

శ్రమదినాలు

ఫిబ్రవరిలో శ్రమదినాలు వచ్చాయి. ఈస్టరుకు ముందు నలభై రోజులు నేను పొద్దు వాలేదాకా నోట్లో ఏమీ వేసుకోను. చిన్నప్పటి నుంచి అలవాటు. ఎవరికీ చెప్పలేదు. ఉపవాసం చాటుకోకూడదని అమ్మ నేర్పింది.

సైదమ్మ మొదటి రోజే పట్టేసింది. "ఏందమ్మా, పప్పు రుచి చూడవా? ఒళ్ళు బాగలేదా?"

చెప్పక తప్పలేదు. "మరి నువ్వే చూడు సైదక్కా" అన్నాను.

"నేను చూసుడేంది. ముప్పై ఏండ్ల జర్దా నోరు నాది. అందాజ మీద ఏస్త గని నా నాలుకకు ఉప్పు తెల్వదు, కారం తెల్వదు." కిటికీ వైపు చూసింది. "నీకు దేవుడున్నడు, నాకు పానున్నది. ఇద్దరం పనికిరాం. ఆ ముత్తిని పిలువు. వంటింటి కిటికీ కాడనే కదా ఉంటది ఎప్పుడూ."

నేను వద్దన్నాను. ఒకసారి చెడగొట్టాను, చాలన్నాను.

"అప్పుడు నువ్వు నాటకమాడినవు. ఇప్పుడు మనకు నిజంగనే అక్కర" అంది సైదమ్మ. నా జవాబు కోసం ఆగకుండా కిటికీలోంచి కేకేసింది. "ముత్తీ. ఇటు రావే. ఈ పప్పు చూసి చెప్పు. మేడం ఉపాసం. నా నోరు సంగతి నీకు తెల్సు."

ముత్తి వచ్చింది. నాకింది. "నాకు రాదు" అంది.

"నాకూ రాదు. అందుకే పిలిచిన" అంది సైదమ్మ. పప్పు అలాగే వడ్డించింది. రెండో రోజూ అంతే, మూడో రోజూ అంతే. బతిమాలలేదు, బెదిరించలేదు. పొద్దున పాలు పోసేవాడిని పిలిచినట్టు పిలిచేది, పని కాగానే పొమ్మనేది.

అయిదో రోజో ఆరో రోజో ముత్తి నాకి, కాసేపు నిలబడి, "సాలదు" అంది.

నేను పొంగిపోయి ఏదో అనబోయాను. సైదమ్మ నా వైపు ఒక చూపు చూసింది. నోరు మూసుకున్నాను. ఆమె గుప్పెడు ఉప్పు తీసి డేగిసలో వేసి, గంటెతో కలిపి, మళ్ళీ అరచేతిలో పోసింది.

"ఇప్పుడు?"

"ఇంగొంచెం."

ఇంకొంచెం వేసింది. అంతే. శభాష్ లేదు, చప్పట్లు లేవు. ఒక చిన్నపిల్ల మాట అంటే ఒక పెద్దమనిషి చెయ్యి కదిలింది. ఆ వేళ పప్పు తిన్న పిల్లలెవ్వరికీ ఏమీ తెలియదు. ముత్తికి తెలుసు.

ఆ తరువాత మెల్లగా మాటలు మొదలయ్యాయి. చారు పులుపెక్కింది. కందిపప్పు ఉడకలేదు. "సైదవ్వా, నీ పాను ముక్క పడ్డదా ఏంది దీంట్ల?" అని ఓరోజు అడిగేసింది. సైదమ్మ గంటె చూపించి తరిమింది. అంత గట్టిగా ముత్తి నవ్వటం నేను అప్పుడే విన్నాను.

సాయంత్రాలు పొయ్యి దగ్గర కూర్చుని వాచకం తీసేది. అప్పుడు చూస్తే అక్షరాలన్నీ ఆమెకు అప్పటికే వచ్చు. బయటికి పలకటానికే భయం. నేను పక్కన కూర్చుని వినేదాన్ని. అయినా ఒక్క మాట తప్పు పలికితే చాలు, పుస్తకం మూసేసేది. ఆ రోజుకు మళ్ళీ తెరిచేది కాదు. ఏప్రిల్ దగ్గరికొస్తోంది.

ఉప్పెక్కువైన రోజు

మార్చిలో ఓరోజు ముత్తి "ఇంగొంచెం" అని మూడుసార్లు అంది. సైదమ్మ మూడుసార్లు వేసింది. వడ్డించాక మొదటి ముద్దకే పిల్లలు మూతులు ముడిచారు.

"అబ్బ, సముద్రం పప్పు. ఎవరు చూసిండ్రు ఉప్పు?"

"మొద్దమ్మ చూసింది."

పళ్ళాల మీద గ్లాసులు కొడుతూ నవ్వారు. ముత్తి పరుగెత్తి బియ్యం గది వెనక దాక్కుంది. ఇన్నాళ్ళ కష్టం పోయిందనుకున్నాను. దగ్గరికి తీసుకుని ఓదారుద్దామని కుంటుకుంటూ బయలుదేరాను. సైదమ్మ నా కొంగు పట్టుకుని ఆపింది.

"పోకు. నువ్వు పోయి ఓదారిస్తే మనిషిని చంపినంత తప్పు చేసిన అనుకుంటది."

తరువాత అరుపు. "ముత్తీ. పెరట్ల సొరకాయలు రెండు కోసుకరా. జల్దీ. పిల్లలు ఆకలి మీదున్నరు."

కాసేపటికి ముత్తి వచ్చింది. చేతిలో రెండు సొరకాయలు, బుగ్గల మీద కన్నీటి చారలు. సైదమ్మ ఆమె ముఖం చూడనే లేదు. ముక్కలు కోస్తూ మామూలుగా అడిగింది.

"ఉప్పు చూడకముందు ఏం తిన్నవే?"

"మామిడి పిందెలు."

"గదీ సంగతి. పులుపు తిన్న నాలుకకు ఉప్పు తెల్వదు. నేనన్న అడగాలె, అడగలే. ఏసింది నా చెయ్యే గద. ఇద్దరం కల్సే పాడు చేసినం. ఆ పొయ్యి ఊదు."

ఉప్పు విరగాలని ఆ పప్పులోనే సొరకాయ ముక్కలు, వేడినీళ్ళు పోసి ఉడికించాం. పిల్లలు ఆలస్యంగా తిన్నారు. ఇంటికి రాసిన ఉత్తరాల్లో ఎవరూ దాని గురించి రాయలేదు, అంత చిన్న విషయం.

మరునాడు పప్పు దించే వేళకు నేను కిటికీ వైపే చూస్తున్నాను. అక్కడ ముత్తి లేదు. మడత మంచాల వెనక కూర్చుని ఉంది. సైదమ్మ ఎప్పటిలాగే కేకేసింది.

"ముత్తీ. నోరు పుక్కిలించుకొని రా."

తరువాత తొట్టి దగ్గర నీళ్ళ చప్పుడు వినిపించింది. ఆ చప్పుడుకు నేను గోడ వైపు తిరిగి దేవునికి వందనం చెప్పుకున్నాను.

ఆ సాయంత్రం ముత్తి వాచకంలో ఒక మాట తప్పు చదివింది. ఆగింది. పుస్తకం మూస్తుందనుకున్నాను. మూయలేదు. వేలు వెనక్కి జరిపి మొదటి నుంచి చదివింది.

ఏప్రిల్

చెప్పినట్టే ఏప్రిల్లో తండ్రి వచ్చాడు. తువాలు మెడలో వేసుకుని వరండా గడప మీద కూర్చున్నాడు. ముత్తి ట్రంకుపెట్టె అప్పటికే సర్ది పక్కన పెట్టి ఉంది. చదివినా చదవకపోయినా సెలవులకు పోవాలి కదా. కానీ మళ్ళీ వస్తుందా రాదా అన్నది ఆ పది నిమిషాల్లో తేలాలి.

హెడ్‌మాస్టరుగారు పుస్తకం మధ్యలో తెరిచి ఇచ్చారు. "ఏదీ మొద్దమ్మా, చదువు."

ముత్తి చదివింది. గొంతు సన్నగా ఉంది కానీ వినపడుతోంది. మూడో వరుసలో ఒక మాట తడబడింది. హెడ్‌మాస్టరుగారు సరిదిద్దబోయి నోరు తెరిచారు.

"ఆగుండ్రి సారు. తప్పువోయింది. మళ్ళ సదువుత."

ముత్తి మళ్ళీ చదివింది. ఇంకోచోట తడబడి, అక్కడా వెనక్కి వెళ్ళి చదివింది. పేజీ పూర్తయ్యేసరికి చాలా సేపు పట్టింది. ఏమీ గొప్ప చదువు కాదు. ఆ తరగతిలో ఏడేళ్ళ పిల్లలు అంతకంటే వేగంగా చదువుతారు. కానీ పేజీ చివరిదాకా పోయింది.

తండ్రి నా వైపు తిరిగాడు. "ఇంటికాడ గూడ గింత మాట మాట్లాడది మేడమ్ ఈ పిల్ల. సారునే ఆగుమన్నది."

హెడ్‌మాస్టరుగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "మూడో తరగతి" అన్నారు. కలం తీసి, "పూర్తి పేరేందమ్మా?" అని అడిగారు. జాబితా ఎదురుగానే ఉంది, ఆయనకు తెలియక కాదు. అయినా ఆ ప్రశ్నను నేను తప్పు పట్టను.

"ముత్తమ్మ" అంది.

అలాగే రాశారు. ఆ తరువాత ఆయన నోట ఆ పాత పేరు నేను వినలేదు. పెద్దవాళ్ళు కూడా మారతారు. చెప్పే ధైర్యం నాకు ఉండి ఉంటే ఇంకా ముందే మారేవారేమో.

జూన్లో బడి తెరిచిన రెండో రోజు తండ్రి ముత్తిని తీసుకొచ్చాడు. మొదటి రోజు వాగు పొంగిందట. ఆమె మా దగ్గరే పదో తరగతి దాకా చదివింది. ఇప్పుడు వాళ్ళ గూడెం పక్కనే అంగన్‌వాడీలో పనిచేస్తోంది. ఇప్పటికీ ఎక్కువ మాట్లాడదు. అడిగితే మాత్రం ఉన్నదున్నట్టు చెబుతుంది.

ఒక్క మనవి

చాలా ఏళ్ళ తరువాత నేనోసారి సైదమ్మను అడిగాను. "ఆ ఉప్పెక్కువైన మరునాడు ముత్తిని మళ్ళీ ఎందుకు పిలిచావు సైదక్కా? ఆ పిల్లకు ధైర్యం రావాలనేనా?"

ఆమె వింతగా చూసింది. "ధైర్యమేందమ్మా. మర్నాడు మళ్ళ పప్పు వండాలె గద."

నేను శిక్షణల్లో విన్నవీ, పుస్తకాల్లో చదివినవీ అన్నీ కలిపినా ఇంతకంటే మంచి మాట నాకు దొరకలేదు. తప్పు చేసిన మరునాడు కూడా ఆ పిల్ల పని ఆ పిల్లకే ఉండాలి. ఆ పని నిజమైనది కావాలి. మిగతా ధైర్యమంతా ఆ పిల్లే తెచ్చుకుంటుంది.

సైదమ్మ చివరిదాకా రోజుకూలీ మీదే పనిచేసింది. ఆమెకు సన్మానం జరగలేదు. హాస్టల్ ఫోటోల్లో కూడా ఆమె లేదు. ఫోటో తీసే వేళకు ఎప్పుడూ పొయ్యి దగ్గరే ఉండేది. నేను రిటైరు కాకముందే కన్నుమూసింది. వాళ్ళ ఊళ్ళో సమాధి దగ్గర నేనూ ముత్తమ్మా నిలబడ్డాం.

ఈ పనిలోకి వస్తున్న అమ్మాయిలారా, నా పేరు మీకు గుర్తుండనక్కరలేదు. ప్రార్థన అలవాటు ఉన్నవాళ్ళు ప్రార్థనలో, లేనివాళ్ళు మీ హాస్టల్ వంటశాల గడప దాటేటప్పుడు, ఒక్కసారి సైదమ్మను తలచుకోండి.